మూడో గుండీ

కొందరికి మతిమరుపు ఉంటుంది, కొందరికి జ్ఞాపకశక్తి ఉంటుంది. కంటిన్యుటీ పిన్నికి ఉన్నది జ్ఞాపకశక్తి కాదు, జబ్బు. ఏ వస్తువు రవ్వంత జరిగినా "ఇందాక ఇలా లేదు" అంటుంది. పిన్నికి నిన్న కూడా ఇందాకే.

సినిమాల్లో ఒక షాట్‌కీ మరో షాట్‌కీ మధ్య గ్లాసులో నీళ్ళు తగ్గకుండా, నటుల జుట్టు పెరగకుండా కాపలా కాయడం ఆవిడ ఉద్యోగం. ఉద్యోగంతో ఆగితే బాగుండేది. ఒకసారి వాళ్ళాయన చెప్పాపెట్టకుండా మీసం తీయించుకుని వస్తే, "పొద్దున వెళ్ళినాయనకి మీసం ఉంది" అని తలుపు వేసేసిందట. పాపం, అది మొలిచేదాకా ఆయన చెల్లెలింట్లో తలదాచుకున్నాడు. ఇది ఆయన చెప్పిందే కాబట్టి సగం నమ్మవచ్చు.

కుర్ర దర్శకుడికి ఇది మొదటి సినిమా. నాన్న పోయిన ఎనిమిదేళ్ళ పిల్ల కథ. పనివాళ్ళు పదిమంది, సెట్టు రెండు గదుల అద్దె ఇల్లు. పిన్ని దయవల్ల రోజుకి నాలుగే షాట్లు.

"మళ్ళీ ఏమైంది పిన్నీ?"

"గుమ్మంలో చెప్పుల జత. ఎడమది కాస్త ముందుకుండాలి."

"ఎవరు చూస్తారండీ?"

"చూసేవాడు చూస్తాడు."

అతను పళ్ళు నూరుకుంటూ చెప్పు జరిపేవాడు.

వేషం వేస్తున్న పాపకి నిజంగానే కిందటేడు నాన్న పోయాడు. అందుకే ఏరికోరి తెచ్చుకుని, దర్శకుడు తన తెలివికి తానే మురిసిపోయాడు. పాప అన్నీ చక్కగా చేసింది, ఏడవడం తప్ప. చిలక్కొయ్యకున్న నాన్న చొక్కా తీసుకుని ఏడవాలి. ఆరుసార్లు తీస్తే, ఆరుసార్లూ శుభ్రంగా మడతపెట్టింది. గ్లిజరిన్ వేద్దామంటే దర్శకుడికి కళ అడ్డొచ్చింది. ఆ కన్నీళ్ళు రాకపోతే సినిమా లేదని అతని బెంగ.

మర్నాడు దర్శకుడు పాప తల్లితో ఏదో గుసగుసలాడి ఒక సంచి తెచ్చుకున్నాడు. అందులోంచి చొక్కా తీసి చిలక్కొయ్యకి తగిలించాడు. సినిమా చొక్కాకున్నట్టే నీలం గళ్ళు. పాప పక్కగదిలో జడ వేయించుకుంటోంది.

"ఇందాక ఇలా లేదు," అంది పిన్ని. "మూడో గుండీ తెల్లది. దీనికి నల్లది."

"మెల్లగా పిన్నీ. ఇది నిజంగా వాళ్ళ నాన్నదే. చూడగానే ఏడుస్తుంది. గుండీ ఎవరు చూస్తారు?"

"పాప చూస్తుంది బాబూ. ఇవాళ్టిదాకా ఇది వాళ్ళ నాన్న చొక్కా. రేపట్నించి నీ సినిమా చొక్కా అయిపోతుంది."

దర్శకుడికి నిజంగా సిగ్గేసింది. చొక్కా తీసి మడతపెట్టబోయాడు. "వాళ్ళమ్మ మడత అది కాదు" అని పిన్ని లాక్కుని, తానే మడిచి సంచిలో పెట్టింది.

ఏడోసారి మొదలైంది. పాప సినిమా చొక్కా తీసి ముఖానికి ఆనించుకుంది. దుమ్ము కాబోలు, గట్టిగా తుమ్మింది. తర్వాత ఖాళీ చొక్కా చేతిని తన నెత్తిమీద పెట్టుకుని, గొంతు లావు చేసి "చిరంజీవ" అంది. చొక్కా మడతపెట్టలేదు. కాసేపు అలాగే కూర్చుంది.

దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. తేరుకున్నాక దిగులుగా అడిగాడు.

"దగ్గర్నించి తీసింది ఇదొక్కటే. నిన్నటి దూరపు షాట్‌లో తుమ్ము లేదు కదా పిన్నీ, రెండూ కలవవు. మళ్ళీ తీయాలా?"

పిన్ని షాట్ల వివరాలు రాసుకునే పుస్తకం తెరిచి, చాలాసేపు చూసి, ఏదో రాసింది.

"ఉంది బాబూ. అందులోనూ తుమ్మింది."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆవిడ పుస్తకాల్లోకి ఎక్కిన మొదటి అబద్ధం అది. కెమెరా అతను నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

"లేదు పిన్నీ, అప్పుడు నేను తుమ్మలేదు," అంది పాప బుద్ధిగా.

"నువ్వూరుకోమ్మా," అంది పిన్ని, పెన్నుకి మూత పెడుతూ. "నీకేం గుర్తుంటుంది?"