నాలుగు మార్కుల జపనీసు

నా తెలివితక్కువతనానికి సాక్షులు ఒక భవనం నిండా ఉన్నారు. ఇక దాచి లాభం లేదు కాబట్టి, ఆ ఘోరం నేనే చెబుతాను.

టోక్యో వెళ్లే సీటు మా టీముకి ఒకటే వచ్చింది. దాని మీద ఆశతో, పుప్పాలగూడ నుంచి ఆఫీసుకి వచ్చే క్యాబులో జపనీసు నేర్చుకోవడం మొదలుపెట్టాను. కదలికల పాఠం సగం అయింది. నడవడం ‘అరుకు’, పరుగెత్తడం ‘హషిరు’, ఎక్కడం ‘నొబొరు’. ఈ మూడు మాటల ధీమాతో, ఎవరికేం వచ్చో ఐదుకి మనమే మార్కులు వేసుకునే ఆఫీసు షీటులో, జపనీసుకి నాలుగు వేసుకున్నాను. మా ఐటీలో రెండు వేసుకునేవాడు ఇంకా పుట్టలేదండి. ఐదు వేసుకోకపోవడం నా వినయం!

మా లీడ్ మల్లేశన్న ఆ షీటు నమ్మాడు. చరిత్రలో దాన్ని నమ్మిన మొదటి మనిషి.

“తమ్మీ, టోక్యోకెళ్లి మన ఆఫీసుకు ఇద్దరు గెస్టులొస్తున్నరు. ట్రాన్స్‌లేటర్ వద్దని చెప్పిన. నువ్వున్నవ్ గదా!”

“నేను చూసుకుంటానన్నా.”

అతిథులు ఐదో అంతస్తులో కూర్చున్నారో లేదో, సైరన్ మోగింది. మంటలు అంటుకుంటే ఎలా బయటపడాలో నేర్పే డ్రిల్లు.

“వాళ్లను మెట్ల దిక్కు తీస్కపో! జపనీస్‌ల చెప్పు!” మల్లేశన్న కేక.

మెట్ల దగ్గర తెలిసింది, ‘దిగడం’ నేను చదవని సగంలో ఉందని. వేలితో కిందికి చూపిస్తే సరిపోయేది. చంటిపిల్లలకైనా తోస్తుంది. నాలుగు మార్కులవాడికి తోస్తుందా? వచ్చిన మాటే వాడాను.

“నొబొరు!” అన్నాను గంభీరంగా, పైకి చూపిస్తూ.

మర్యాదస్తులు, ఎక్కారు. భవనమంతా దిగుతుంటే, మేం ముగ్గురం గోదారికి ఎదురీదే పులసల్లా ఎక్కి ఎక్కి టెర్రస్ మీద తేలాం. కింద తలలు లెక్కపెడితే మూడు తక్కువ.

“ఏడున్నవ్‌రా?” ఫోన్లో మల్లేశన్న.

“పైన అన్నా.”

“పైనంటే?”

“ఇంక ఎక్కడానికి మెట్లు లేవన్నా.”

అతిథుల్లో పెద్దాయన చెమట తుడుచుకుని, చక్కటి ఇంగ్లీషులో అడిగారు: “మంటలొస్తే మీ ఊళ్లో పైకి ఎక్కుతారా?”

టోక్యో సీటు నా పక్క కుర్చీ సందీప్‌కి వెళ్లింది. అతని అర్హతల్లా, ఆ రోజు బుద్ధిగా కిందికి దిగడమే. పైగా నన్ను ‘నొబొరన్నా’ అని పిలవడం మొదలుపెట్టాడు. నాకు రానిది వచ్చని ఈ జన్మలో చెప్పనని, లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

ప్రయాణానికి ముందురోజు సందీప్ వచ్చాడు. “నొబొరన్నా, జర నాలుగు మాటలు నేర్పరాదూ. దిగుడును ఏమంటరు?”

అప్పటికి మిగతా సగం పాఠం నాకు కంఠతా వచ్చేసింది.

“అది నాకు రాదు తమ్మీ,” అన్నాను ఎంతో వినయంగా.

వచ్చింది రాదనకూడదని నేను ఒట్టేయలేదు కదండీ!