రావొద్దన్న ఉద్యోగం కోసం పంజాగుట్ట దాకా

మా చెల్లెలి కూతురు మౌనికకు హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. పంజాగుట్టలో ఒక కంపెనీ ఆడవాళ్ళకూ వికలాంగులకూ సమానంగా ఉద్యోగాలు ఇస్తోందనీ, వచ్చి సంతకం పెట్టమనీ చెప్పారు. మౌనికకు పుట్టినప్పటి నుంచి ఎడమ కాలు పనిచేయదు. చంకకర్రల మీద నడుస్తుంది. డిగ్రీ అయింది, కంప్యూటర్ మీద అకౌంట్స్ నేర్చుకుంది. జనగామలో అడిగిన ప్రతిచోటా "ఎట్ల తిరుగుతవమ్మా" అని పంపించేశారు. ఈసారీ కాకపోతే ఉద్యోగం మాట మరిచిపోయి ఇంట్లో ఉండాలని వాళ్ళ నాన్న తేల్చి చెప్పాడు. తోడుగా నేను బయలుదేరాను.

పొద్దున్నే వచ్చే ప్యాసింజరు ఎక్కాం. వికలాంగుల పెట్టె చివర ఉంటుంది, వెళ్ళేవాళ్ళు ముందే ఆ కొసకు వెళ్ళి నిలబడాలి. లోపల ఒకాయన సీటు నిండా పడుకుని ఉన్నాడు. లేవమంటే "నాకు సుత నడుము నొస్తుంది" అన్నాడు.

"సర్టిఫికెట్ తెచ్చుకో అన్నా, నేనే జాగ ఇడుస్త" అంది మౌనిక. ఆయన నవ్వి లేచాడు.

సికింద్రాబాదులో దిగి ఇడ్లీ తిని మెట్రో ఎక్కాం. నాకు చదవడం యాభై దాటాక వచ్చింది. బోర్డు కనిపిస్తే వదలను. స్టేషన్ల పేర్లన్నీ చదువుతుంటే "మెల్లగ పెద్దమ్మా, అందరు మననే చూస్తున్నరు" అంది మౌనిక. అమీర్‌పేటలో రైలు మారాలి. బ్యాగులు తగిలించుకుని కోచింగులకు పోయే పిల్లల గుంపు మమ్మల్ని ఇటూ అటూ తోసేసింది. కర్రలున్నవాళ్ళు ఆ రద్దీ తగ్గేదాకా గోడ పక్కన ఆగడం మంచిది. తరువాతి స్టేషనే పంజాగుట్ట. కిందికి దిగేముందు లిఫ్టు ఏ వైపు ఉందో అడగండి. మేము అడగక రోడ్డుకు అవతలి వైపు దిగాం. అక్కడి ట్రాఫిక్కులో ఈవలికి రావడానికి గుండె చేత పట్టుకోవాల్సి వచ్చింది.

ఆఫీసు అద్దాల మేడ. గుమ్మం ముందు మెట్ల పక్కన ఏటవాలు దారి కట్టి పూలకుండీలు పెట్టారు. మౌనికనూ, మాకంటే ముందే వచ్చిన యాదగిరి అనే ఆయననూ దాని మీద నడిపించి ఫోటోలు తీశారు. యాదగిరికి కుడి చెయ్యి మోచేతి దాకానే ఉంది. వెలుతురు చాలలేదని మళ్ళీ నడిపించారు.

లోపల మా పక్కన వరలక్ష్మి గారని ఒకావిడ కూర్చుంది. శ్రీనగర్ కాలనీలో ఉంటారట. పిల్ల పుట్టాక మానేసిన ఉద్యోగం మళ్ళీ వెతుక్కుంటున్నారు.

"ఏం అడిగిన్రమ్మా?" అన్నాను.

"ఒకటేనండి. ఇంకో బిడ్డని కనే ఉద్దేశం ఉందా అని. మీ మగాళ్ళని కూడా ఇలాగే అడుగుతారా అన్నాను. బయట కూర్చోమన్నారు."

తలుపు పక్క గోడ మీద సమాన అవకాశం అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. అప్పుడే చదివాను.

మౌనికను పిలిచారు, నేనూ వెళ్ళాను. ఉద్యోగాలిచ్చే మేడం మర్యాదగా కుర్చీ చూపించి, వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ మాత్రం చూసి, కాగితం ముందుకు జరిపింది.

"ఎప్పటిసంది రావాలె మేడం?"

"రావక్కర్లేదమ్మా. నెలనెలా జీతం మీ అకౌంట్లో పడుతుంది. హాయిగా ఇంట్లో ఉండండి. ఫోటోల ప్రోగ్రాం ఉంటే కారు పంపిస్తాం."

"ఇంటి నుంచే అకౌంట్స్ చూస్తనా?"

"పని మావాళ్ళు చూసుకుంటారు. మీకెందుకు శ్రమ?"

కూర్చోబెట్టి జీతమిచ్చే మనుషులున్నారా అని నాకు ముందు సంతోషమే వేసింది. మౌనిక ముఖం చూశాక అది పోయింది. చెంపదెబ్బ తిన్నట్టు ఉంది పిల్ల.

"మరి నేనెందుకు మేడం?"

"మీలాంటివాళ్ళు కంపెనీలో ఇంతమంది ఉన్నారని చూపించాలి."

"ఉన్నరని చూపిస్తున్నరు గదా. ఇంట్ల కూసుంటే ఈడ ఉన్నట్టెట్లయితది?"

మేడం గడియారం చూసుకుని, భోజనం చేసి ఆలోచించుకుని రమ్మంది.

కింద మెట్ల నీడలో యాదగిరి డబ్బా విప్పుతున్నాడు. మాకూ చెరింత పులిహోర పెట్టాడు.

"పెట్టు చెల్లె సంతకం" అన్నాడు. "నాకు రెండేండ్లయింది, ఇయ్యాల ఫోటోలకని పిలిచిన్రు. టైముకు పడతయి పైసలు."

"రోజంతా ఇంట్ల ఏం చేస్తవన్నా?"

"ఇంట్ల యాడుంట? ఇంటోళ్లకు నౌకరి అని చెప్పిన గదా. పొద్దుగాల అంగీ ఇస్త్రీ చేయించుకొని బయలెల్లుత. సనత్‌నగర్ దాక పోయి, ఫ్యాక్టరీలకు పోయేటోళ్లను చూసుకుంట కూసుంట. డబ్బా తింట. సాయంత్రం పోతే మా ఆమె చాయ్ ఇచ్చి, అలసిపోయినవా అంటది."

"ఏమంటవు?"

"అలసిపోయిన అనే అంట."

నా చేతిలోని ముద్ద నోటి దాకా పోలేదు. రెండేళ్లుగా ఆ మనిషి ప్రతి పొద్దునా తయారై ఎక్కడికీ వెళ్ళడం లేదు. మౌనిక కూడా తినలేదు. కర్రలు అందుకుని, నన్ను రావద్దని ఒక్కతే పైకి వెళ్ళింది. కాసేపటికి వచ్చింది.

"సంతకం పెట్టలే పెద్దమ్మా. పని ఉన్ననాడు పిలువున్రి అన్న."

"మేడం ఏమన్నది?"

"నీ వెనకాల లైన్ల చానమంది ఉన్నరు అన్నది."

తిరుగు ప్రయాణంలో సాయంత్రం రైలు కిక్కిరిసి ఉంది. ఎదురుగా భువనగిరిలో దిగే అవ్వ ఒకావిడ "నౌకరికి పోయొస్తున్నవా బిడ్డా, దొరికిందా?" అని అడిగింది.

"నౌకరి దొరికింది అవ్వా, పనే దొరకలే" అంది మౌనిక.

అవ్వ విషయమంతా విని పగలబడి నవ్వింది. "పని లేకుంట పైసలిస్తుంటే వద్దంటివా? పిచ్చిదానివా ఏంది?" పెట్టెలో వాళ్ళంతా మౌనిక వైపే చూశారు. ఇంటి దగ్గర వాళ్ళ నాన్న అనబోయేదీ అదే మాట.

పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాళ్ళను నేను చాలామందిని చూశాను. కూలి ఇచ్చి పనిని ఎగ్గొట్టేవాళ్ళుంటారని మాత్రం పంజాగుట్ట వెళ్ళేదాకా తెలియదు. రైలు జనగామ చేరుతుంటే, నాన్నతో తనే మాట్లాడతానంది మౌనిక.

"ఏమని చెప్తవు బిడ్డా?"

"రేపటిసంది మళ్ళ వెతుకుతనని చెప్త" అంది, కర్రలు సర్దుకుని లేస్తూ.