సీడర్ బెండ్ చరిత్ర, భూగోళం, దైవాశీర్వాదం గారు

దైవాశీర్వాదం గారికి ఒకే ఒక్క జబ్బు, ఊరు చూపించడం. చూపించడానికి ముందు ఊరంటూ ఒకటి ఉండాలి కదా! ఆరెగన్ అడవుల్లో సీడర్ బెండ్ అనే ఆ కలప ఊళ్ళో ఉన్నవల్లా ఒక రంపపు మిల్లు, ఒక నది, ఆగని వాన. కారులో తుమ్మి తలెత్తేలోగా ఊరు దాటిపోతాం. అంత ఊరిని ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూపించేవారు.

1979లో నది అవతలి ఆస్పత్రిలో మావారు జగదీష్‌కి డాక్టరుగా ఉద్యోగం వచ్చింది. నాకప్పుడు ఏడో నెల. పెట్టెలు విప్పనైనా లేదు, గుమ్మంలో పొడుగాటి స్టేషన్ వ్యాగన్ కారు వచ్చి ఆగింది.

"నా పేరు దైవాశీర్వాదం. మాది బాపట్ల. మిల్లులో ఇంజనీర్‌ని. ఎక్కమ్మా, ఊరు చూద్దురుగాని!"

"రేపు వెళ్దామండీ," అన్నారు మావారు.

"రేపూ వెళ్దాం డాక్టర్ గారూ. ఇవాళ ఉత్తరం వైపు."

ఇంక చూడండి. ప్రతి ఇంటి ముందూ కారాపడం, హారన్ కొట్టి ఇంటివాళ్ళని గుమ్మంలోకి రప్పించడం, వాళ్ళ ఎదుటే వాళ్ళ చరిత్ర మాకు తెలుగులో చెప్పడం. ఒక ముసలావిడ బయటికొచ్చి చెయ్యి ఊపింది. ఈయనా చెయ్యి ఊపుతూ, "ఈవిడ మేబెల్. మొగుడు హెరాల్డ్ మిల్లు క్యాంటీన్ వంటమనిషితో లేచిపోయాడు," అన్నారు.

నేను కంగారుగా ఆయన్ని ఆపబోయాను. "అయ్యో, ఆవిడ ముందే చెప్తారేంటండీ!"

"ఏం, అబద్ధమా?" అని అద్దం దించి, ఇంగ్లీషులో కేకేశారు. "మేబెల్, వీళ్ళకి హెరాల్డ్ గురించి చెప్పాను!"

"పీడ విరగడైందని కూడా చెప్పావా, డేవ్?" అందావిడ.

ఊరివాళ్ళందరికీ ఆయన డేవ్ అట. ఆయనేమో ప్రతిచోటా దిగి, వానలో నిలబడి, ఇంటివాళ్ళతో ఏదో గుసగుసలాడి వచ్చేవారు. "తారీఖులు సరిచూసుకుంటున్నారు కాబోలు," అన్నారు మావారు.

చరిత్ర అయ్యాక భూగోళం మొదలైంది. "అదిగో, ఆ కొండ మీద! దుంగల లారీల కోసం మిల్లు వాళ్ళు నది మీద ఎత్తుగా వేసుకున్న చెక్క వంతెన. దాని కథ ఏంటంటే..."

వంతెనకీ కథేనా అనుకుంటూ నిద్రపోయాను.

ఆ రాత్రి ఏడ్చేశాను. "నన్ను షికాగోలో అక్క దగ్గరికి పంపించెయ్యండి. ఈ ఊళ్ళో నా మొహం ఎరిగినవాళ్ళెవరున్నారు? ఇక్కడ పురుడు పోసుకోలేను," అన్నాను. జనవరికి టికెట్ బుక్ చేశారు.

డిసెంబర్‌లోనే నది పొంగింది. ఊళ్ళోని రోడ్డు వంతెన మూసేశారు. మావారు డ్యూటీలో అవతల ఉండిపోయారు, ఫోన్ చచ్చిపోయింది, పొద్దున్నే, నెల ముందుగానే నాకు నొప్పులు మొదలయ్యాయి. 

తలుపు దబదబ బాదారు. తీస్తే మేబెల్! ఆమె వెనక, ఇల్లంత దుంగల లారీ.

"నడు తల్లీ. నిన్ను ఆస్పత్రికి చేర్చమని మిల్లు నుంచి లారీ వైర్‌లెస్ రేడియోలో డేవ్ ఒకటే అరుస్తున్నాడు."

పురిటి నొప్పులతో దుంగల లారీ ఎక్కిన తెలుగాడపిల్లని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మేబెల్, లారీ డ్రైవరు చెరో చెయ్యీ పట్టి ఎక్కించారు. లారీ కొండదారి పట్టిందో లేదో, రేడియోలో తెలుగు!

"భయపడకమ్మా! ఇప్పుడు మీరు దాటబోయేది నేను ఆరోజు చూపించిన చెక్క వంతెన. నువ్వు నిద్రపోయావు. దాన్ని కట్టిందెవరంటే..."

"దైవాశీర్వాదం గారూ, ఇప్పుడా!" అని అరిచాను.

"ఎంత వరదొచ్చినా అది కదల్లేదమ్మా. అది చెబుదామనే."

కింద నీళ్ళు హోరెత్తుతున్నాయి. వంతెన మాత్రం కిర్రుమంటూ మమ్మల్ని అవతలికి దాటించింది.

"ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నానని మీకెలా తెలుసు?" అని మేబెల్‌ని అడిగాను.

"ఆరోజు వానలో నిలబడి చెప్పాడుగా! 'ఈ అమ్మాయి కొత్త, మొగుడు నది అవతల పనిచేస్తాడు, నది పొంగితే ఓ కన్నేసి ఉంచండి, సాయమడగడానికి మొహమాటపడుతుంది' అని గుమ్మం గుమ్మానికీ చెప్పాడు. ఎవరు కొత్తగా వచ్చినా అంతే."

 ఆరోజంతా ఆయన ఊరికి నన్ను చూపించారన్నమాట! నొప్పుల మధ్యనే నవ్వొచ్చింది.

పాప క్షేమంగా పుట్టింది. మర్నాడు ఆయనొచ్చి, ఆ ఆస్పత్రి గది స్థలంలో ఒకప్పుడు గుర్రాలశాల ఉండేదని మొదలుపెట్టారు. షికాగో టికెట్ క్యాన్సిల్ చేయించాను.

పాపకి నెల నిండగానే స్టేషన్ వ్యాగన్ వచ్చింది. అదే వాన. మేబెల్ ఇంటి ముందు హారన్ కొట్టి, దైవాశీర్వాదం గారు వెనక్కి తిరిగి పాపని దిగులుగా చూశారు.

"దీని గురించి ఏం చెప్పను? పాపం, ఇంకా చరిత్రే లేదు."

"లేకేం? నేను చెప్తానుండండి," అని అద్దం దించి, పాపని ఎత్తి చూపిస్తూ నేనే మొదలుపెట్టాను. "డిసెంబర్‌లో నది పొంగినప్పుడు, ఒక దుంగల లారీలో..."