మా అమ్మ దులిపిన దుమ్ము

మా నాయన ఆళ్లగడ్డలో శిల్పి. దేవుళ్ల విగ్రహాలు చెక్కుతాడు. ఒకప్పుడు ఉలితో కొడితే రాతి పెళ్లలు కాళ్ల దగ్గర పడేవి. కోత మిషన్లు వచ్చాక పిండిలాంటి పొడి లేచి వీధంతా కమ్ముకునేది. షెడ్డుకూ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఊరు పెరిగింది, మా స్థలం పెరగలేదు. ఎక్కడికి పోతాం?

అమ్మకు శుభ్రం పిచ్చి. సాయంత్రం నాయన పని దిగగానే గడప బయటే నిలబెట్టి, తల నుంచి కాళ్ల దాకా తుండుతో టపటపా దులిపేది. పిండిమరలో పడొచ్చినావా ఏందని ఎగతాళి చేసేది. ఆ తర్వాతే లోపలికి రానిచ్చి, గొంతులో దుమ్ము దిగుతుందని చేతిలో బెల్లం ముక్క పెట్టేది. మా వీధిలో అన్నీ శిల్పుల ఇళ్లే, ఆడవాళ్లందరిదీ అదే వరస. నాకది ముచ్చటగా ఉండేది.

రెండేళ్ల కిందట అమ్మకు దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు. మందులు మింగింది, తగ్గలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చివరికి నంద్యాలలో ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఏం పని చేస్తావని అమ్మను అడిగింది.

"నాకేం పనమ్మా, ఇంట్లోనే ఉంటా," అంది అమ్మ.

డాక్టరమ్మ వదల్లేదు. పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తావో చెప్పమంది. అమ్మ చెప్పుకుంటూ దులపడం దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్ను పక్కన పెట్టింది. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందనీ, పోయిన ఊపిరి తిరిగి రాదనీ, ఇకనైనా దుమ్ముకు దూరంగా ఉండాలనీ చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నాకు ఒళ్లు మండింది, ముందు నా మీదే. డిగ్రీ చదివి ఏం లాభం, రోజూ కళ్లెదుటే జరిగింది కదా!

బస్టాండులో నాయన తల ఎత్తలేదు. అంతా తన వల్లేనని అదే మాట పట్టుకున్నాడు. అమ్మ ఆయాసపడుతూనే కసిరింది.

"ఏడ్సింది సాలు గానీ, మన వీధిలో ఆడోళ్లు ఈ పొద్దు గూడా దులుపుతాంటారు. పోయి చెప్పు."

పరాయి ఆడవాళ్లతో రెండు మాటలు మాట్లాడి ఎరగడు మా నాయన. బస్సు దిగి, అమ్మను నాకు అప్పగించి, వీధి మొదట్లో ఉన్న ఇంటి తలుపు కొట్టాడు. ఆ ఇంటామె బయటికొచ్చి ఏందన్నా అంది. నాయన కవరులోంచి అమ్మ ఎక్స్‌రే తీసి ఆమె ముందు పట్టుకున్నాడు.

"సూడమ్మా," అన్నాడు. "ఇది గూడా నా చేతి పనే."