నాలుగో కిటికీ

అన్నయ్య గీసిన విమానాలన్నీ ఎడమ నుంచి కుడికే ఎగిరేవి. "చదివే కళ్ళు అటే పోతాయిరా" అనేవాడు. ప్రకటనల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు విమాన కంపెనీల పోస్టర్లు గీశాడు. విమానం మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

పోస్టరు మీద సంతకం ఆఫీసు యజమానిది. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. అందుకని అన్నయ్య ప్రతి విమానానికీ నాలుగో కిటికీలో బియ్యపు గింజంత ముఖం ఒకటి పెట్టేవాడు. కళ్ళజోడు, పక్కపాపిడి, కొంచెం కోపం. మా వదిన. పెద్దాయన మొదటి అచ్చు చూసి, ఆ ముఖం చెరిపించి, కింద మూలన తన సంతకం వేయించాకే అసలు అచ్చుకు పంపేవాడు.

"ఎక్కించేదీ మీరే, దింపేసేదీ మీ ఆఫీసే" అని వదిన ఎగతాళి చేసేది.

పారేసిన ఆ మొదటి అచ్చుల్ని అన్నయ్య ఇంటికి తెచ్చేవాడు. మంచి దళసరి కాగితం. నాకు పుస్తకాల పిచ్చి. బొమ్మవైపు బంక రాసి, తెల్లవైపు పైకి వచ్చేలా నా పుస్తకాలకు అట్టలు వేసుకున్నాను. పేరు రాసుకోవడానికి తెలుపు హాయిగా ఉండేది. అన్నయ్య చూసి, "బంక అంచులదాకా రాయరా, లేకపోతే ఊడొస్తుంది" అన్నాడు కూడా.

పోయినేడు పాత పోస్టర్లు సేకరించే ఒకాయన ప్రదర్శన పెడితే అన్నయ్యను తీసుకెళ్ళాను. అద్దాల వెనక అన్నయ్య విమానాలు. ప్రతిదాని కిందా పెద్దాయన పేరు.

"ఇవి నేను వేసినవండీ" అన్నాడు అన్నయ్య, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ప్రదర్శన పెట్టినాయన మర్యాదస్తుడే. "ఇలా చెప్పినవాళ్ళలో మీరు మూడోవారు తాతగారూ. ఆధారం ఒక్కటి చూపించండి. ప్రదర్శన పుస్తకం అచ్చుకు వెళ్ళేలోపు మీ పేరు వేయిస్తాను."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్నయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మొదటి అచ్చులు నీ దగ్గరున్నాయి కదరా! పెద్దాయన సంతకం లేనివి, మీ వదిన ఉన్నవి."

అలమర ముందు కూర్చుని, వేణ్ణీళ్ళలో ముంచిన గుడ్డతో ఒక్కో అట్టా నానబెట్టి లాగాను. రంగు కాగితంతో పాటు రాలేదు. పుస్తకాన్నే పట్టుకుని తునకలైపోయింది. ఒకదాంట్లో రెక్క దక్కింది, ఒకదాంట్లో మబ్బు. కిటికీలుండే నడుం భాగం ప్రతిసారీ పుస్తకం వెన్ను మీదే పడింది. ఇన్నేళ్ళూ నా చేతుల్లో నలిగిన ఆ మడతలో తెల్లటి పీచు తప్ప ఏమీ లేదు.

ఇరవై మూడో పుస్తకం దగ్గర వదిన వచ్చింది. "ఇక ఆపండయ్యా. ఎన్నిసార్లు ఊడబెరుకుతారు నన్ను?"

అన్నయ్య తడిసిన పుస్తకాల్ని కిటికీ కింద వరసగా ఆరబెట్టాడు. ఒకటి తీసి తిప్పబోయాడు. అచ్చాఫీసులో కొయ్యకుండా వదిలేసిన పేజీలు, అంచుల దగ్గర ఇంకా కలిసే ఉన్నాయి.

"బావుంటుందా ఇది?" అన్నాడు.

"ఇంకా చదవలేదన్నయ్యా."