కోంటా దవాఖానాలో ఎర్రగా కాలిన తీగచుట్ట

స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందటి వానాకాలం. బస్తర్ సంస్థానంలో డైనమోలు బాగుచేస్తూ తిరిగేవాణ్ణి. కోంటాలో ఒక వ్యాపారి కట్టించిన చిన్న దవాఖానా నుంచి పొద్దున్నే కబురొచ్చింది. వెళ్లేసరికి ఆపరేషన్ గదిలో నాలుగు బల్బులకు రెండు మాడిపోయి ఉన్నాయి. గోడకున్న చెక్కమీద తీగచుట్ట ఎర్రగా కాలుతోంది.

“ఏంది మేస్త్రీ, ఇది దీపమా, పొయ్యా? ఇసనకర్రతో ఇసురుతున్నా సల్లారతలేదు” అంది నర్సు రాజమ్మ.

ఎర్రబోరు ఊరి నుంచి మంచంమీద మోసుకొచ్చిన గర్భిణి లోపల నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. శబరి నది పొంగి భద్రాచలం దారి తెగింది. మబ్బు కమ్మి పగలే గది చీకటిగా ఉంది.

“ఇక్కడే కోయాలె. మధ్యలో దీపం పోతే ఇద్దరూ దక్కరు. ఎంతసేపు కావాలె?” అన్నారు డాక్టరుగారు.

నూనె ఇంజన్‌తో తిరిగే ఆ డైనమో బల్బులకు కావలసినదానికంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది. ఆ మిగులును తినెయ్యడానికి పాత మెకానిక్ దీపాల లైనులోనే రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే తీగచుట్ట, పెట్టాడు. దీపాల కరెంటంతా అందులోంచే పోతుంది కనుక అది కాలక తప్పదు. పైగా ఒక బల్బు పోతే చుట్ట తినే వోల్టేజీ తగ్గి, ఆ భారం మిగతా బల్బుల మీద పడుతుంది. వరసగా మాడింది అందుకే.

డైనమోలో అయస్కాంతాన్ని పుట్టించేది ఫీల్డ్ కాయిల్. దానికి వెళ్లేది చిన్న కరెంటు. దాన్ని తగ్గిస్తే డైనమో పుట్టించే వోల్టేజీయే తగ్గుతుంది. తర్వాత తగలేసే పని ఉండదు.

“గంట చాలు సార్. ఇంజన్ ఆపాలె” అన్నాను.

గర్భిణి భర్త ముత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. “దీపం ఆపుతవా దాదా? నా ఆడిది లోపల ఉన్నది.”

“ఆపకపోతే అదే ఆగిపోతది తమ్మీ. గంటల మళ్ల ఎలిగిస్త” అన్నాను. నా కళ్లలోకి చూసి తప్పుకున్నాడు.

సన్నటి తీగను పింగాణీ గొట్టానికి చుట్టి, జరిపే పిడి బిగించి, ఫీల్డ్ కాయిల్ దారిలో కలిపాను. పాత చుట్టను పీకేశాను. మాడిన బల్బులు మార్చాం. గంట కాకముందే దీపాలు వెలిగాయి.

ఆపరేషన్ సాగినంతసేపూ వోల్టేజీ చూపే మీటరు చూస్తూ నిలబడ్డాను. మధ్యలో ఒక బల్బు పోనే పోయింది. సూది కాస్త లేచింది. పిడి జరిపాను. మిగతా మూడూ నిలిచాయి.

“ఆడపిల్ల! తల్లి గూడ మంచిగున్నది!” రాజమ్మ కేక వినిపించింది. ముత్తయ్య ముందు నా దగ్గరకే వచ్చాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తర్వాత బిడ్డను చూడటానికి పరుగెత్తాడు.

ఆ నెల నుంచి ఇంజన్‌కు నూనె కూడా తక్కువ పట్టింది. యంత్రం వేడెక్కుతోందని ఎవరు పిలిచినా, అక్కరలేని శక్తి ఎక్కడ పుడుతోందో ముందు వెతకడం నాకు ఆ రోజే అలవాటైంది.