కదిలితే చెదిరిపోయే లెన్సు

మా వీధి చివర మేడ మీద ఉండే అమ్మాయిని పిల్లలంతా 'కదలొద్దమ్మ' అని పిలుస్తారు. ఆమెకి పాస్‌పోర్టు ఫొటోలు తీసే స్టూడియో ఉంది. వచ్చినవాళ్లని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, "కదలొద్దు" అంటుంది. పెళ్లికి ముందు నుంచీ రోజంతా అదే మాట.

అలాంటి మనిషి ఒక సాయంత్రం డాబా మీద నిలబడి, పాదాలు కదపకుండా నడుం దగ్గర్నించి తిరుగుతూ, రోడ్డు మీద పోయే ప్రతి బస్సు వెంటా కెమెరా తిప్పుతోంది. చూసి ఊరుకోవడం నా వల్ల కాదు. మెట్లెక్కాను.

"ఏమే, బస్సులకి కూడా పాస్‌పోర్టులిస్తున్నారా?"

"ప్రాక్టీసు పిన్నీ. పందెంలో బైకు ఎంత జోరుగా పోతే కెమెరా కూడా దాంతోపాటు అంత జోరుగా తిరగాలి."

అప్పుడు తెలిసింది సంగతి. సెలవు రోజుల్లో ఈమె ఊరవతల బైకు పందేల మైదానానికి పోతోంది. పందేలు లేనప్పుడు చెరువు గట్టున కూర్చుని పక్షుల్ని తీస్తోంది. రెండూ దూరంగా ఉండేవే. ఆమె దగ్గరున్న లెన్సులో బైకు చీమంత, కొంగ చాక్‌పీసు ముక్కంత. పైగా కంచె బయట జనంలో నిలబడి తీయడం వల్ల ప్రతి ఫొటోలోనూ ఎవరిదో ఒకరి తలకాయ. ఈ ఏడాది మిగిలిన రెండు పందేలు ముగిసేలోగా మంచి ఫొటోలు తీసి చూపిస్తే, వచ్చే ఏడాది కంచె లోపల, మలుపు దగ్గరే నిలబడే పాస్ ఇస్తామన్నారట అక్కడి పెద్దలు. అందుకని పొడుగు జూమ్ లెన్సు కావాలి. స్కూటర్ అమ్మేసింది.

లెన్సు కొనడానికి తోడు రమ్మంది. పిలవకపోయినా వెళ్లేదాన్నే.

కెమెరాల కొట్టాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "మీవారిని తీసుకురండమ్మా, వివరంగా చెబుతాను" అన్నాడు. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఈమె భర్తకి కెమెరాలోకి ఏ వైపు నుంచి చూడాలో తెలియదు. ఫొటోలో కళ్లు తెరిచి కూర్చోవడమే ఆయనకి పెద్ద పని.

"లెన్సు నాకండీ. బైకు పందేలకీ పక్షులకీ" అంది ఈమె. స్పష్టంగా అంది. నేను పక్కనే ఉన్నాను, నా చెవులు బాగానే పనిచేస్తాయి.

పెద్ద కంపెనీల కొత్త లెన్సుల జోలికి పోలేం. అందుబాటులో ఉన్నవి రెండే. ఒకటి పేరున్న కంపెనీది, పాతది, ఇనుప గొట్టంలా బరువు. ఇంకోటి పేరు తెలియని కంపెనీది, కొత్తది, తేలిక. ధర ఇంచుమించు ఒకటే. కొట్టాయన పాతదాన్ని పసిబిడ్డలా రెండు చేతులతో అందించాడు.

"పేరు చూడండమ్మా. ఇలాంటివి ఇప్పుడు చేయట్లేదు."

ఈమె చేసిన పొరపాటు ఇక్కడే. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి కదా. నన్ను రోడ్డుకి అవతల బస్‌స్టాపు బల్ల మీద కూర్చోబెట్టి, ఇవతల్నుంచి "పిన్నీ, కదలొద్దు" అని అరిచి ఫొటో తీసింది. చూస్తే నా కనుబొమల్లో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. మురిసిపోయి పాతదే కొనేసింది. కదిలేవాటి కోసం వచ్చి కదలని దాన్ని చూసి కొంటోందని ఆ పెద్దమనిషికి తెలియదా? తెలుసు. బిల్లు మాత్రం చకచకా రాశాడు.

మరుసటి పందెం నుంచి ఏడుపు ముఖంతో వచ్చింది. బైకు దూసుకొచ్చేసరికి లెన్సు జీ జీ అంటూ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుందట. అది దొరకబుచ్చుకునేలోగా బైకు మలుపు దాటిపోతుంది. ప్రతి ఫొటోలో వెనకున్న గడ్డి శుభ్రంగా ఉంది, బైకు మాత్రం తడిచేత్తో తుడిచిన పలకలా ఉంది. నిలబడ్డ కొంగ బాగానే వచ్చింది. ఎగిరిన కొంగ తెల్లటి మరక.

ఇక మిగిలింది ఒక్క పందెం.

కొట్టుకి మళ్లీ వెళ్లాం. మార్చి ఆ తేలికది ఇమ్మంటే కొట్టాయన నవ్వాడు.

"లెన్సు బంగారమమ్మా. చెయ్యి తిరగకపోతే అదేం చేస్తుంది? మీకెందుకీ బైకులూ గియికులూ. హాయిగా పాస్‌పోర్టు ఫొటోలు తీసుకోండి."

ఆ అమ్మాయి తల దించుకుంది. నేను దించుకోలేదు.

"నాయనా, బయటున్న మోటార్‌సైకిలు నీదేనా?"

"నాదే. ఏం?"

"ఆ మూల నుంచి మా మీదికి జోరుగా రా. లెన్సు బంగారమైతే నీ ముఖం కూడా బంగారంలాగే పడుతుంది. భయమైతే వద్దులే."

కొట్టులో ఉన్నవాళ్లంతా అతనికేసి చూశారు. అతను తాళాలు తీసుకోక తప్పలేదు. మూల నుంచి వచ్చాడు, ఆమె నడుం తిప్పి తీసింది. అతని కొట్టు బోర్డు మీద అక్షరం అక్షరం చదవొచ్చు. అతని ముఖం మాత్రం ఉడికీ ఉడకని ముద్దలా ఉంది.

"నేను బండి మీద సరిగ్గా కూర్చోలేదు" అన్నాడు.

"అయితే సరిగ్గా కూర్చుని ఇంకోసారి రండి" అని ఆ అమ్మాయే అంది. లోపలికి వెళ్లి తేలిక లెన్సు తనే తీసి బిగించుకుంది. ఈసారి మోటార్‌సైకిలు చక్రాల పుల్లలు గిర్రున తిరుగుతున్నట్టే ఉన్నాయి, వెనక వీధంతా గీతల్లా సాగింది, మధ్యలో అతని ముఖం చెక్కినట్టుంది. కళ్లజోడు మీద వేలిముద్ర కూడా పడింది.

చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇది నాకొకటి పెద్దది చేసిస్తారా?" అన్నాడు.

"ముందు లెన్సు మార్చండి."

మార్చాడు. పాతదాన్ని మళ్లీ అదే అద్దాల అరలో, అదే చోట పెట్టాడు. చూశాను.

ఆఖరి పందెంలో తీసిన ఫొటోలు చూసి పాస్ ఇచ్చారు. ఇప్పుడు ఆమె కంచె లోపల నిలబడుతోంది. బైకులు లేనిరోజున చెరువు గట్టున కొంగ ఎప్పుడు లేస్తుందా అని కాసుకుని కూర్చుంటోంది. బస్సుల్లోనే తిరుగుతోంది, ఫిర్యాదు లేదు. ఆ అమ్మాయికి కోపం నిలవదు. నాకు నిలుస్తుంది.

ఎందుకంటే ఆ మోటార్‌సైకిలు ఫొటో ఇవాళ అతని కొట్టులో గోడంత ఉంది. వచ్చినవాళ్లకి దాన్ని చూపించి, "పందేలకి ఏ లెన్సు పట్టుకెళ్లాలో నేనే చెప్పి ఇప్పించానండీ" అంటున్నాడు. కింద ఆ అమ్మాయి పేరు రాయమంటే చోటు లేదన్నాడు. గోడంత ఫొటోలో చోటు లేదట.

అందుకే కూరలకి వెళ్లినప్పుడల్లా ఆ కొట్టులో దూరుతున్నాను. బేరం జరుగుతున్నప్పుడు మధ్యలో నిలబడి, "నాయనా, ఈ ఫొటో ఎవరు తీశారు?" అని అందరికీ వినిపించేలా అడుగుతాను. అతను చెప్పేదాకా కదలను.